తాకట్టు వేలం – ఇండోనీషియా ఇస్లామిక్ బ్యాంకుల అనుభవం

వాయిదాలు చెల్లించలేకపోయిన ఖాతాదారు విషయంలో బ్యాంకు ఏమి చేయాలి? డిపాజిటుదారుల సొమ్మును కాపాడవలసిన బాధ్యత ఒకవైపు, ఒక కుటుంబం నీడ కోల్పోయే ప్రమాదం మరొకవైపు ఉంటాయి. వడ్డీని నిషేధించిన ఇస్లామిక్ బ్యాంకింగ్‌లో ఈ సమస్య మరింత సున్నితమైనది. ఈ విషయంలో ఇండోనీషియా అనుభవం పరిశీలింపదగినది.

ఆ దేశపు మొదటి ఇస్లామిక్ బ్యాంకు 'ముఆమలాత్' 1991లో స్థాపితమై, 1992లో పని ప్రారంభించింది. ఇటువంటి బ్యాంకులకు 2008లో ప్రత్యేక చట్టం ఏర్పడింది. ఇవి విరివిగా అనుసరించే పద్ధతి 'మురాబహా'. ఖాతాదారు కోరిన ఆస్తిని బ్యాంకు కొని, తన లాభమెంతో ముందే తెలిపి, వాయిదాలపై అతనికి అమ్ముతుంది. చెల్లింపు ఆలస్యమైనంత మాత్రాన ఆ ధర పెరగదు. శక్తి ఉండీ ఎగవేసేవారిపై జరిమానా విధించవచ్చు గాని, ఆ సొమ్ము బ్యాంకు లాభంలో చేరదు. సాంఘిక నిధికి పోతుంది.

భూమి, ఇల్లు తాకట్టు పెట్టినచోట 1996 నాటి తాకట్టు హక్కుల చట్టం వర్తిస్తుంది. బకాయి పడినప్పుడు మొదటి తాకట్టుదారు దావా వేయకుండానే, ప్రభుత్వ వేలం కార్యాలయం ద్వారా ఆస్తిని బహిరంగ వేలం వేయించవచ్చు. అయితే బ్యాంకే ఆ ఆస్తికి యజమాని అవుతుందన్న షరతు ముందుగా రాయించుకుంటే అది చెల్లదు. ఇరుపక్షాలు అంగీకరిస్తే, ఎక్కువ ధర వచ్చే పక్షంలో, వేలం లేకుండానే అమ్ముకోవచ్చు.

అమ్మగా వచ్చిన సొమ్ము ఎవరికి చెందాలి? జాతీయ షరియా మండలి 2005లో ఇచ్చిన నిర్ణయాలు దీనికి సమాధానం చెబుతున్నాయి. ఉదాహరణకు, బకాయి 8 కోట్ల రుపియాలనుకుందాం. ఆస్తి 9 కోట్లకు అమ్ముడుపోతే, మిగిలిన కోటి ఖాతాదారుకు తిరిగి ఇవ్వాలి. 7 కోట్లే వస్తే మిగతా కోటి అప్పుగానే నిలుస్తుంది. అతడు నిజంగా అశక్తుడైతే బ్యాంకు దానిని మాఫీ చేయవచ్చు. వాయిదాల గడువు పొడిగించినప్పుడు కూడా బకాయి మొత్తాన్ని పెంచరాదు.

వివాదమంతా తరచు ధర వద్దనే తలెత్తుతుంది. త్వరపడి వేసిన వేలంలో ఆస్తికి తగిన విలువ రాకపోతే నష్టపోయేది ఖాతాదారే. ఇటువంటి వివాదాలను విచారించే అధికారం 2006లో మత న్యాయస్థానాలకు లభించింది. సాధారణ న్యాయస్థానాలకూ అవకాశమిచ్చిన 2008 చట్టంలోని వివరణను రాజ్యాంగ న్యాయస్థానం 2013లో కొట్టివేయడంతో సందిగ్ధత చాలావరకు తొలగింది.

మన దేశంలోనూ 2002 నాటి చట్టం బ్యాంకులకు దావా లేకుండా తాకట్టు ఆస్తిని స్వాధీనపరచుకొనే అధికారమిచ్చింది. అందుకు ముందుగా 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. విధానాలు వేరైనా నీతి ఒక్కటే. వేలం చివరి మెట్టు కావాలి. తగిన గడువు, న్యాయమైన ధర, మిగులు సొమ్ము వాపసు – ఈ మూడూ ఉన్నప్పుడే అది అప్పు తీర్చే మార్గమవుతుంది. లేనినాడు కొత్త వివాదానికి నాంది అవుతుంది.