రాత్రి బీచ్‌లో మెటల్ డిటెక్టర్: వెళ్లేవారికీ, ఇంట్లో ఉండేవారికీ చిట్కాలు

అమెరికా తూర్పు తీరంలో, ముఖ్యంగా న్యూజెర్సీ, ఫ్లోరిడాల్లో ఉంటున్న మనవాళ్లలో కొందరికి మెటల్ డిటెక్టర్ సరదా బాగానే పట్టుకుంది. ఆఫీసు పని అయ్యాక, పిల్లలు పడుకున్నాక బీచ్‌కి బయల్దేరుతున్నారు. రాత్రిపూటే ఎందుకంటే కారణం ఉంది. పగలు అడుగు పెట్టలేనంత జనం. పైగా చల్లటి నీళ్లకు వేళ్లు సన్నబడి, సన్‌స్క్రీన్ జిడ్డు తోడై, ఉంగరాలు జారిపోయేది పగలే. జనం గొడుగులు మడిచి వెళ్లిపోయాక అవి ఇంకా పైపైనే ఉంటాయి.

రాత్రి బీచ్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది దొంగలు. దొంగల సంగతి తర్వాత చూద్దాం. ఈ పనిలో అసలు చిక్కు వేరు. చూపు డిటెక్టర్ చివరి కాయిల్ మీద, చెవులు హెడ్‌ఫోన్లలో, మనసేమో రాబోయే బీప్ మీద. చుట్టుపక్కల ఏం జరుగుతోందో తెలిసే దారులన్నీ మనమే మూసుకుంటాం. కింది చిట్కాల్లో చాలావరకు ఆ దారుల్ని కాస్త తెరిచి ఉంచడానికే.

1. ముందు బోర్డు చదవండి. న్యూజెర్సీలో చాలా ఊళ్ల బీచ్‌లు రాత్రి ఫలానా గంట తర్వాత మూసేస్తారు. ఆ గంట ఊరికో రకం. ఒక ఊళ్లో నడిచింది పక్క ఊళ్లో నడుస్తుందనుకోవద్దు. నేషనల్ పార్క్ సర్వీసు కింద ఉన్న తీరాల్లో అయితే డిటెక్టర్ వాడటమే కాదు, వాడటానికి సిద్ధంగా చేతిలో ఉండటమూ నేరమే. న్యూజెర్సీలోని సాండీ హుక్, మేరీలాండ్ వైపు అసటీగ్ నేషనల్ సీషోర్, నార్త్ కరోలినాలోని కేప్ హాటరస్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. అటుగా వెళ్లాల్సి వస్తే డిటెక్టర్‌ని ముక్కలుగా విప్పి, సంచిలో సర్ది డిక్కీలో పెట్టుకోండి. ఇసుక దిబ్బల మీద, వాటికి పట్టు కోసం నాటిన గడ్డిలో తిరగనే వద్దు. తుపాను వస్తే వెనక ఇళ్లను కాచేది ఆ దిబ్బలే.

2. గడియారం చూసి కాదు, ఆటుపోట్లు చూసి బయల్దేరండి. తూర్పు తీరంలో సుమారు 24 గంటల 50 నిమిషాల్లో రెండు పోట్లు, రెండు ఆటులు. అంటే నిన్న తొమ్మిదికి ఆటు అయితే ఇవాళ దాదాపు పదికి. ఏ తీరంలో ఎప్పుడో అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. నీళ్లు పూర్తిగా తగ్గే వేళకు గంటా రెండు గంటల ముందు చేరి, తగ్గుతున్న నీళ్ల వెంట కిందికి దిగండి. నీళ్లు మళ్లీ పెరగడం మొదలవగానే పైకి జరగండి. ఫోనులో రెండు అలారాలు పెట్టుకోండి, ఒకటి ఆటు వేళకి, ఇంకొకటి ఇంటికి బయల్దేరే వేళకి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు ఎంత ఎక్కువ వెనక్కి పోతాయో అంత ఎక్కువ ముందుకీ వస్తాయి. డిటెక్టర్ వేటగాళ్లకు ఆ రోజులంటే ఇష్టం. అందుకే ఆ రోజుల్లోనే ఇంకాస్త జాగ్రత్త. జెట్టీ రాళ్ల అవతలి చిన్న తీరాల్లోకి ఆటులో నడిచి వెళ్లినవాళ్లు, పోటు వచ్చాక అదే దారిన తిరిగి రాలేరు.

3. ఒక చెవి ఖాళీగా ఉంచండి. రెండు చెవుల హెడ్‌ఫోన్ అయితే ఒకదాన్ని చెవి వెనక్కి జరపండి. గాలి హోరులో సన్నటి బీప్ తప్పిపోతుందన్న దిగులు అందరికీ ఉండేదే. బీప్ తప్పితే మళ్లీ ఆ చోటికి రావచ్చు. వెనక నుంచి వచ్చే బండి చప్పుడు తప్పితే ఆ అవకాశం ఉండదు.

4. సముద్రానికి వీపు చూపకండి. తడి ఇసుకలో తవ్వాల్సి వస్తే నీళ్ల వైపు ముఖం పెట్టి వంగండి. కాలిఫోర్నియా ఉత్తర భాగంలో, ఓరెగాన్‌లో ఉండేవారికి ఈ మాట మరీ ముఖ్యం. అక్కడ పది నిమిషాలు ప్రశాంతంగా ఉన్న తీరం మీదికి ఒక్కసారిగా పెద్ద అల వచ్చి, నడుం దాకా ముంచి లోపలికి లాగేస్తుంది. రాత్రి లైఫ్‌గార్డులు ఉండరు కాబట్టి ఒంటరిగా వెళ్తే మోకాలి లోతు దాటొద్దు. వేడర్లు (నీళ్లలో దిగేందుకు వేసుకునే బూటు ప్యాంట్లు) వేసుకుంటే పైన బెల్టు బిగించండి, పడినప్పుడు లోపలికి నీళ్లు జొరబడకుండా అదే ఆపుతుంది. లోపలికి లాగే రిప్ కరెంటులో చిక్కుకుంటే డిటెక్టర్, ఇసుక తవ్వే స్కూపు రెండూ వదిలేయండి. ప్రవాహానికి ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగండి. వేల డాలర్ల మెషీన్ అని పట్టుకు వేలాడేవాళ్లుంటారు. మెషీన్ మళ్లీ కొనుక్కోవచ్చు.

5. గుంత మోకాలు దాటొద్దు. సోడా డబ్బా మూతకుండే అల్యూమినియం రింగుకీ బంగారు ఉంగరానికీ డిటెక్టర్ ఇంచుమించు ఒకే స్వరం పలుకుతుంది. ఆశంతా అక్కడే. స్కూపు దించితే వస్తువు రాదు, తడి ఇసుక జారి గుంత మళ్లీ నిండుతుంది, ఇంకో చేరెడు తీస్తే బీప్ ఇంకా కిందికి పోయినట్టు వినిపిస్తుంది. బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి పెట్టి, చివరికి తల కూడా గుంత అంచు దాటి లోపలికి వంచేది ఈ దశలోనే. ఇసుక గోడ కూలేటప్పుడు చప్పుడు చేయదు. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన ఒక లేఖ ఇలా ఇసుక గుంతలు కూలిన 52 ఘటనల్ని పోగుచేసింది. వాటిలో 31 మంది చనిపోయారు. ఇసుకలో కూరుకుపోయినవారిని బయటికి తీయాల్సింది పక్కనున్నవాళ్లే. రాత్రి ఒంటరిగా ఉన్నవారికి ఆ పక్కవాళ్లు ఉండరు. లోతైన బీప్‌ని వదిలేసి ముందుకు నడవండి.

తవ్విన ప్రతి గుంతా పూడ్చండి. పొద్దున్నే పరుగెత్తేవాళ్ల చీలమండలు విరిగేది, ఫ్లోరిడాలో అయితే తల్లి తాబేళ్లు పడిపోయేది ఈ గుంతల్లోనే.

6. తుపాను వెళ్లిన మర్నాడు పాత నాణేలు పైకి తేలతాయన్న మాట నిజమే. అలలు పై ఇసుకను కోసుకుపోతాయి కాబట్టి. అదే కోత దిబ్బ అంచున నిలువు గోడల్ని కూడా మిగులుస్తుంది. ఆ గోడల కింద నిలబడి డిటెక్టర్ తిప్పవద్దు, పైన అంచున నడవవద్దు.

7. ఇనుప గొట్టంలాగో, సీసాలాగో ఉన్న తుప్పు పట్టిన బరువైన వస్తువు ఏదైనా బయటపడితే చేత్తో తీయకండి, తట్టి చూడకండి. న్యూజెర్సీ లాంగ్ బీచ్ ఐలాండ్‌లోని సర్ఫ్ సిటీ తీరంలో కోతకు గురైన చోట సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి పోశారు. దానితోపాటే మొదటి ప్రపంచ యుద్ధం కాలం నాటి మందుగుండు భాగాలూ వచ్చాయి. 2007లో వందల సంఖ్యలో బయటపడ్డాయి. సాండీ హుక్ ఒకప్పుడు సైన్యం ఫిరంగులు పేల్చి పరీక్షించిన చోటు. అలాంటిది కనబడితే చోటు గుర్తు పెట్టుకుని, దూరం జరిగి 911కి చేయండి. ఇంటికి తెచ్చి గ్యారేజీలో పెట్టి రేపు చూద్దాం అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం.

8. తలకు ఎర్రదీపం కట్టుకోండి. తెల్లటి హెడ్‌ల్యాంపు ఆర్పగానే కొన్ని నిమిషాలు కళ్లకు ఏమీ కనబడదు. ఎర్రదీపానికి ఆ ఇబ్బంది తక్కువ. ఫ్లోరిడాలో ఇది తాబేళ్ల విషయం కూడా. తూర్పు తీరంలో బ్రెవార్డ్ నుంచి బ్రోవార్డ్ కౌంటీ దాకా మార్చి 1 నుంచి అక్టోబర్ 31 వరకు, మిగతా చోట్ల మే 1 నుంచి అక్టోబర్ 31 వరకు గుడ్లు పెట్టే కాలం. తెల్లటి వెలుగు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోవచ్చు, పిల్లలు సముద్రం దారి తప్పి రోడ్డు వైపు పాకుతాయి. తాబేలు గూడు చుట్టూ కర్రలు పాతి రిబ్బన్ కట్టిన చోటుకు దగ్గరగా తవ్వకండి. నన్నడిగితే, ఆ నెలల్లో ఫ్లోరిడా తీరంలో ఈ సరదా పగటికి మార్చుకోవడం మేలు.

9. మీరు చూడటం ఒక ఎత్తు, ఎదుటివాళ్లకి మీరు కనబడటం ఒక ఎత్తు. తీరం శుభ్రం చేసే ట్రాక్టర్లు, పోలీసుల బండ్లు తెల్లవారుజామున తిరుగుతుంటాయి. నల్ల జాకెట్ వేసుకుని ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్న మనిషి డ్రైవరుకు కనబడడు. రోడ్డు పనివాళ్లు వేసుకునే మెరిసే పట్టీల చొక్కా ఒకటి వేసుకోండి.

10. చేతులకు మందపాటి గ్లవ్స్, కాళ్లకు బూట్లు. గాజు పెంకులు, గాలాలు, సూదులు అన్నీ ఉంటాయి. పగలు ఎవరో బార్బెక్యూ చేసి ఇసుకలో పూడ్చిన బొగ్గులు గంటల తరబడి నిప్పుగానే ఉంటాయి. ధనుర్వాతం టీకా పదేళ్లకోసారి వేయించుకున్నారో లేదో చూసుకోండి. చర్మం మీద పుండుగానీ, కోసుకున్న గాయంగానీ ఉంటే వెచ్చటి సముద్రపు నీళ్లలో దిగకండి. విబ్రియో అనే బ్యాక్టీరియా గాయం ద్వారా ఎక్కి వేగంగా ముదురుతుంది. షుగర్, లివర్ జబ్బులున్నవారికి అది ప్రాణం మీదికి తెస్తుంది. మనలో షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. నీళ్లలో దిగి ఎర్రబారిన గాయం గంటగంటకూ పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి, సముద్రపు నీళ్లు తగిలాయని డాక్టరుకు చెప్పండి. నీళ్లలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకుండా ఈడ్చండి, కింద ముళ్ల తోక టేకు చేప ఉంటే తప్పుకుంటుంది. కుడితే, చర్మం కాలనంత, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు ఉంచడం మొదటి చికిత్స.

11. ఉరుము వినబడితే ఆ రాత్రికి వేట అయిపోయింది. చదునైన తీరంలో అన్నిటికన్నా ఎత్తుగా నిలబడ్డది మీరే. కారులోకో, పక్కా భవనంలోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలన్నది అమెరికా వాతావరణ శాఖ మాట.

12. మనుషులు. ఇప్పుడు దొంగల సంగతి. కారు దీపం కింద పార్క్ చేయండి, అక్కడే నిలబడి దొరికినవి లెక్కపెట్టుకోకండి. ఏం దొరికిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి మేకులు, డబ్బా మూతలు ఎలాగూ బోలెడు ఉంటాయి. పోలీసు వస్తే స్కూపు నేల మీద పెట్టి, చేతులు కనబడేలా ఉంచి, నెమ్మదిగా జవాబు చెప్పండి. పొడవాటి లోహపు కర్ర పట్టుకున్న మనిషి చీకట్లో దూరం నుంచి ఎలా కనబడతాడో ఆలోచించండి.

13. ఇంటి సముద్రం మాట. ఆంధ్రలోని ఉప్పాడ తీరంలో తుపాను తర్వాత జనం దువ్వెనలతో, చేతులతో ఇసుక గీకి బంగారు రవ్వలు వెతకడం మనకు తెలిసిందే. 2020 నవంబర్‌లో నివర్ తుపాను తర్వాత పేపర్లన్నీ రాశాయి. సెలవులకి వచ్చి డిటెక్టర్‌తో అక్కడ తిరుగుదామనుకునే వారికి రెండు సంగతులు. ఆ తీరం ఏటా కోతకు గురవుతోంది, గోడలు, రోడ్లే నిలవని చోట రాత్రిపూట అంచున నిలబడకండి. రెండోది, 1878 నాటి నిధి చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాగిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలియజేయాలి.

14. బ్యాటరీ నిండుగా ఉందా, ఫోను నీళ్లు చొరని సంచిలో ఉందా, మెడలో ఈల ఉందా. ఇంతే.

15. ఇక ఇంట్లో వాళ్లకి. వెళ్లేవారిని అడిగి ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించండి. ఏ ఊరి బీచ్, ఏ వీధి చివర ఇసుకలోకి దిగుతారు, కారు ఎక్కడ, ఆటు ఎన్నింటికి, ఇంటికి ఎన్నింటికి. వీధి పేరు ముఖ్యం. ఫోనులో లొకేషన్ షేర్ పెట్టుకున్నా, చీకటి తీరంలో సాయానికి వచ్చేవారు వెతికేది ఆ వీధి చివరినే. చెప్పిన వేళ దాటి అరగంటైనా ఫోను ఎత్తకపోతే మీరే టార్చి పట్టుకుని ఒంటరిగా నీళ్ల దగ్గరికి పోకండి. మొహమాటపడకుండా ఫోన్ చేయండి. అమెరికాలో 911, బ్రిటన్‌లో 999కి చేసి కోస్ట్‌గార్డ్ కావాలనండి. మన దేశంలో 112, సముద్రంలో ఆపద అయితే ఇండియన్ కోస్ట్‌గార్డ్ నంబరు 1554.