హాగరు వృత్తాంతము

హెబ్రీయుల మూలపురుషుల కథలను చదువువారు అబ్రాహాము విశ్వాసమును, యాకోబు స్వప్నమును స్మరింతురు. అబ్రాహాము ఇంటి దాసియగు హాగరును తలచువారు మాత్రము కొందరే. ఈ పాఠమున ఆమె నడచిన త్రోవను, ఆమె యెడ జరిగిన న్యాయాన్యాయములను విచారింతము.

ఆదికాండము చెప్పునట్లు, అబ్రాహాము కుటుంబము కల్దీయుల ఊరు అను పట్టణమును విడిచి హారానునందు నిలిచెను. హారాను నేటి తుర్కీ దేశపు దక్షిణభాగమున నున్నది. అచ్చటినుండి ఆయన తన 75వ యేట కనాను దేశమునకు వెడలెను. సంతతి లేకుండుటచే శారా తన దాసియగు ఐగుప్తు స్త్రీని, హాగరును, భర్తకిచ్చెను. ఆయన 86వ యేట హాగరునకు ఇష్మాయేలును, 100వ యేట శారాకు ఇస్సాకును జన్మించిరి.

ఇట్టి యేర్పాటు ఆ యొక్క యింటి వింత కాదు. 1901-1902లో సూసాలో దొరికిన హమ్మురాబి ధర్మశాసనపు 146వ విధి, భర్తకు దాసినిచ్చిన యొకానొక యాజకురాలిని గూర్చినది. ఆ దాసి బిడ్డలను గని యజమానురాలితో సమానత కోరినచో, ఆమెను మరల దాసీజనములో చేర్చవచ్చును గాని వెలకు అమ్మరాదు. శాసనము యజమానురాలి హక్కును నిర్ణయించినది, దాసికి కొంత రక్షణయు నిచ్చినది. ఆమె సమ్మతిని మాత్రము అడుగలేదు. అబ్రాహాము గృహమందును ఎవరును అడుగలేదు. శారాయు అబ్రాహామును ఆమెను దాసియనిరే గాని, పేరుపెట్టి పిలిచినట్లు గ్రంథమున కానరాదు. "హాగరూ" యని మొదట పిలిచినది, ఆమె గర్భవతియై పారిపోయినప్పుడు షూరు మార్గమునందలి నీటియూట యొద్ద ఎదురైన దేవదూత. ఆమె దేవునికి "నన్ను చూచువాడు" అను అర్థము గల పేరు పెట్టెను. ఆ బావి కాదేషునకును బెరెదునకును నడుమ నున్నదని గ్రంథము చెప్పుచున్నది.

పిమ్మట ఇస్సాకు పాలు మానిన తరువాత, అబ్రాహాము ఉదయముననే లేచి, రొట్టెను, నీళ్ల తిత్తిని ఇచ్చి, తల్లిని బిడ్డను పంపివేసెను. బెయేర్షెబా అరణ్యమున నీరు తీరిపోయెను. బిడ్డ చావు చూడలేక ఆమె వింటివేటు దూరమున కూర్చుండి యేడ్చెను. దేవుడు బిడ్డ మొర ఆలకించెను; ఇష్మాయేలనగా దేవుడు వినుననియే యర్థము.

శారా మాట వినుమని దేవుడే యానతిచ్చెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. ఏ గ్రంథమును ప్రమాదరహితమని యెంచని మనము, మహాపురుషుడు చేసెను గావున ధర్మమని యొప్పుకొనరాదు. ఒక తప్పు జరిగెనని ఆయన మహిమను త్రోసివేయనురాదు. అంతరాత్మయే యిందు న్యాయాధిపతి. ఆ కథకుడే హాగరు కన్నీటిని దాచక వ్రాసెను గదా! తుదకు ఇస్సాకు ఆ బావియొద్దనే కాపురముండెను. అన్నదమ్ములిద్దరును కలసి హెబ్రోను చెంతనున్న మక్పేలా గుహలో తండ్రిని పాతిపెట్టిరి.

చదువరులారా, మన యింట పనిచేయు స్త్రీ పేరు మనకు తెలియునా? ఆమె సమ్మతిని ఎన్నడైన అడిగితిమా? సర్వసాక్షియగు పరమేశ్వరుని ప్రార్థించుటకు పూర్వము ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పుకొందము.