ఆడకుక్కలో బ్యాక్టీరియా కనిపిస్తే జబ్బేనా? మా రాణి నేర్పిన పాఠం



పొలంలో ఆవును చూసుకున్నంత శ్రద్ధగా, రాత్రంతా అడవి పందుల్ని తరిమే కుక్కను చూసుకోం. వీడియోలో కనిపించే ఎర్ర కుక్క మా రాణి. వీడియోలో తొందరగా చెప్పేసిన విషయాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

రెండేళ్ల కిందట రాణి ఎదకు వచ్చింది. ఎద అయిపోయే రోజుల్లో కొంచెం తెల్లటి జిగురు కనిపిస్తే, భయపడి టౌనులో పరీక్ష చేయించాను. రిపోర్టులో ఇ.కోలై, స్ట్రెప్టోకోకస్ అని రాశారు. ఇంకేముంది, యాంటీబయాటిక్ కొనడానికి బయలుదేరాను. పశువుల డాక్టరు గారు ఆపారు. "తింటోందా? నీళ్లు మామూలుగానే తాగుతోందా?" అని అడిగి, జ్వరం చూసి, పొట్ట తడిమి, "దీనికి జబ్బు లేదయ్యా. మట్టిలో సూక్ష్మజీవులు ఉండాలని ఊరంతా చెప్తావు, కుక్కలో ఉంటే భయమా?" అన్నారు.

ఆరోగ్యమైన కుక్కలో ఏముంటాయి?

ఆరోగ్యంగా ఉన్న ఆడకుక్క యోనిలో ఇ.కోలై, స్ట్రెప్టోకోకస్, స్టాఫైలోకోకస్, పాశ్చురెల్లా, మైకోప్లాస్మా లాంటివి మామూలుగానే ఉంటాయి. ఎక్కువగా రెండు మూడు రకాలు కలిసే ఉంటాయి. ఎదలో ఉన్నప్పుడు, పిల్లలు పెట్టాక వీటి లెక్క మారుతుంది. అందుకే రిపోర్టులో పేరు ఉన్నంత మాత్రాన జబ్బు అనలేం.

ఊరికే మందు వేస్తే?

1990ల మొదట్లో స్వీడన్ పరిశోధకులు ఆరోగ్యమైన ఆడకుక్కలకు యాంటీబయాటిక్ ఇచ్చి చూశారు. ఆంపిసిలిన్ వేసినవాటిలో మైకోప్లాస్మా, మందులకు లొంగని ఇ.కోలై పైకి వచ్చాయి. రసాయనం కొట్టాక మొండి పురుగు మిగిలినట్టే. అలాగని పసుపు నీళ్లు, వేప కషాయం, గోమూత్రంతో లోపల కడగొద్దు. మనం పంటకు వాడేది కుక్క గర్భమార్గానికి మందు కాదు.

గర్భసంచి సంగతి వేరు

ఇక్కడే నేను తప్పు చేశాను. పక్క పొలం అన్న తన కుక్క నీరసంగా ఉందని, కింద తడి కనిపిస్తోందని అంటే, "అది మామూలే అన్నా, వదిలెయ్" అన్నాను. సగం తెలిసి సలహా ఇచ్చాను. మూడో రోజుకి అది లేవలేకపోయింది. గర్భసంచి నిండా చీము! వెంటనే ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేస్తే చావు తప్పి బతికింది.

ఎదలో గర్భసంచి మూతి తెరుచుకుంటుంది. అప్పుడు యోనిలోని బ్యాక్టీరియా పైకి వెళ్లగలదు. ఎద అయ్యాక కడుపుతో ఉన్నా లేకపోయినా, సుమారు రెండు నెలలు ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఎక్కువగా ఉంటుంది. మూతి మూసుకుంటుంది, లోపలి పొర మందమవుతుంది, రక్షణ శక్తి తగ్గుతుంది. లోపల ఇరుక్కున్న ఇ.కోలైకి అది మంచి చోటు. అంటే, కింద ఉన్నప్పుడు ఏ హానీ చేయని బ్యాక్టీరియానే పైన ప్రాణం తీస్తుంది.

గుర్తుపెట్టుకోండి

1. కుక్క హుషారుగా ఉండి, తింటూ ఉంటే, రిపోర్టు ఒక్కటే చూసి మందు వేయొద్దు.
2. ఎద అయిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. తర్వాత మూడు నాలుగు నెలలు కనిపెట్టి ఉండండి.
3. తిండి మానడం, నీళ్లు విపరీతంగా తాగడం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, పొట్ట ఉబ్బడం, చీము, దుర్వాసన: వీటిలో ఏది కనిపించినా ఆరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మూతి మూసుకుని ఉంటే చీము బయటికి రాదు. అదే ఎక్కువ ప్రమాదం.
4. నెలలు నిండకుండా పిల్లలు పడిపోతే వట్టి చేతులతో ముట్టుకోవద్దు. బ్రూసెల్లా అయితే మనుషులకూ వస్తుంది. అది మామూలుగా ఉండే బ్యాక్టీరియా కాదు.
5. పిల్లలు వద్దనుకుంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేయించండి. చీము పట్టే భయం దాదాపు ఉండదు.

ఆ అన్న కుక్క ఇప్పుడు బాగుంది, మళ్లీ కాపలా కాస్తోంది. ఎవరైనా నన్ను సలహా అడిగితే మాత్రం ఇప్పుడు ముందు ఒకటే అడుగుతున్నాను: "కుక్క తింటోందా, ఎద ఎప్పుడు అయింది?"