ఉక్కపోతకు చైనా వైద్యం: ఐసు పక్కన పెట్టండి, పెసలు పొయ్యి మీద పెట్టండి

మనకు తొలకరి పడి ఊపిరి పీల్చుకునే వేళకు చైనాలో అసలు వేసవి మొదలవుతుంది. జూలై నడుమ నుంచి ఏడాదిని బట్టి 30 లేదా 40 రోజులు సాగే ఆ మండు రోజులను అక్కడ ‘సాన్‌ఫూ’ అంటారు. యాంగ్‌చీ నది ఒడ్డునున్న వూహాన్, చోంగ్‌చింగ్ ఊళ్లలో అప్పుడు ఎండకు ఉక్క తోడవుతుంది. చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, ఆకలి చచ్చిపోతుంది, ఒళ్లు బరువెక్కుతుంది. అక్కడి సంప్రదాయ వైద్యం చెప్పే వేసవి జాగ్రత్తలు ఎక్కువగా ఈ తేమ వేడి చుట్టూనే తిరుగుతాయి. అందుకే విశాఖ, కాకినాడ వాళ్లకు ఇవి బాగా నప్పుతాయి. రామగుండం పొడి ఎండలో ఉండేవాళ్లు మాత్రం కాస్త చూసుకుని పాటించాలి.

వాళ్ల లెక్క ఇదీ: వేసవిది అగ్ని తత్వం, ఆ కాలానికి ఏలిక గుండె. ఒంట్లోని వేడిమి చర్మం వైపు పొంగుతుంది కాబట్టి కడుపు లోపల చల్లగా, బలహీనంగా ఉంటుందట. ఆధునిక వైద్యం ఇలా చెప్పదు. అయినా ఈ లెక్క తెలిస్తే తర్వాతి సలహాలన్నీ ఒక తాటి మీదికి వస్తాయి.

ముందు నిద్ర వేళలు సరిచేసుకోండి. సుమారు 2 వేల ఏళ్ల నాటి ‘హువాంగ్‌దీ నెయ్‌జింగ్’ గ్రంథం వేసవిలో కాస్త ఆలస్యంగా పడుకున్నా పెందలాడే లేవమంటుంది, కోపం తెచ్చుకోవద్దంటుంది. పొద్దున్నే లేస్తే నడకో తాయ్‌చీయో ఎండ ముదరకముందే అయిపోతుంది. పగలు 11 నుంచి 1 వరకు గుండె వేళ అని వాళ్ల నమ్మకం. ఆ వేళ భోజనం కాగానే ఆఫీసు బల్ల మీదే తల వాల్చి కునుకు తీయడం అక్కడ మామూలు దృశ్యం. అరగంట చాలు.

రెండోది, చాలామందికి మింగుడుపడనిది: ఐసు నీళ్లు మానాలి. నడివేసవిలో హోటలుకు వెళ్లినా అక్కడ ముందు వేడినీళ్లో టీయో పోస్తారు. పొద్దున టిఫిన్‌తో నాలుగు సన్నటి అల్లం ముక్కలు తినమంటారు, రాత్రిపూట వద్దంటారు. చలికాలంలో ముల్లంగి, వేసవిలో అల్లం తినాలన్నది వాళ్ల ఇళ్లలో అందరి నోటా వినిపించే సామెత. వేసవిలో అల్లమా అనిపిస్తుంది కానీ, చల్లగా ఉన్న కడుపుకు వెచ్చదనం కావాలన్న లెక్క ప్రకారం అది సబబే. ఒక్క మాట: చల్లటి నీళ్లు తగ్గించినా ఫరవాలేదు, నీళ్లే తగ్గిస్తే ప్రమాదం.

ఇక పెసల నీళ్లు. పెసలు చలవ అని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అయితే వాళ్లు కాచే తీరు వేరు. 100 గ్రాముల పొట్టు పెసలు కడిగి, మరుగుతున్న లీటరున్నర నీళ్లలో వేసి మూతపెట్టండి. పెద్ద మంట మీద 10 నిమిషాలు ఉడికితే నీళ్లు లేతాకుపచ్చగా దిగుతాయి. ఎండన పడి వచ్చినవాళ్లకు ఈ తేటనే వంచి ఇస్తారు. వేడి తీయడానికి ఇదే మేలని వాళ్ల మాట. మిగిలిన పెసల్లో మళ్లీ నీళ్లు పోసి, పొట్టు పగిలి పిండిగా విడేదాకా ఉడికించి, పటికబెల్లం వేసుకుంటే సాయంత్రానికి జావ. నీళ్లలో క్షారం ఎక్కువున్నా, గిన్నె చాలాసేపు మూత లేకుండా ఉన్నా రంగు ఎర్రబారుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే పచ్చదనం నిలుస్తుంది. చెమటోడ్చే పని చేసేవాళ్లు చిటికెడు ఉప్పు కలుపుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లారాక తాగండి.

కూరల్లో కాకర, బూడిదగుమ్మడి తరచూ వండుకోండి. బూడిదగుమ్మడిని చెక్కుతో సహా సూపులో ఉడికించడం అక్కడి పద్ధతి. తేమను దించేది ఆ చెక్కేనని వాళ్లంటారు. బీజింగ్‌లో పేరుమోసిన ‘స్వాన్‌మెయ్‌తాంగ్’ అనే పుల్లటి పానకం కూడా ఉంది. పొగబెట్టిన ఊమెయ్ పళ్లు, ఎండు హాథార్న్ పళ్లు, ఎండబెట్టిన కమలా తొక్క, అతిమధురం కలిపి కాస్తారు. చైనా సరుకుల దుకాణం దగ్గర్లో ఉంటే ప్రయత్నించండి. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు అతిమధురం జోలికి పోవద్దు, అది ఎక్కువైతే బీపీ పెరుగుతుంది. మధుమేహం ఉంటే పటికబెల్లం మానేయండి.

చెమటను ఆపకూడదన్నది ఇంకో నియమం. బయటి నుంచి చెమటతో వచ్చి నేరుగా ఏసీ గాలికి నిలబడొద్దు. ముందు తుడుచుకుని, ఒళ్లు ఆరాక చల్లగాలికి కూర్చోండి. ఏసీ చలి వల్ల వచ్చే తలనొప్పి, వికారం, కడుపు ఉబ్బరాన్ని కూడా వాళ్లు వేసవి జబ్బుల్లోనే జమకడతారు. సాన్‌ఫూ రోజుల్లో వీపున మందు పట్టీలు వేస్తే చలికాలపు దగ్గు, ఆయాసం తగ్గుతాయని నమ్మి జనం అక్కడి ఆసుపత్రుల్లో బారులు తీరుతారు. ఆ లేపనంలో తెల్ల ఆవాలుంటాయి, చర్మం బొబ్బలెక్కుతుంది. దాన్ని ఇంట్లో చేయకండి.

వడదెబ్బ తగిలినప్పుడు మాత్రం పైవన్నీ పక్కన పెట్టాలి. ఒళ్లు నిప్పులా కాలుతూ, మాట తడబడి, స్పృహ తప్పుతుంటే అప్పుడు పెసల నీళ్లు, అల్లం ఏవీ పనికిరావు. మనిషిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకండి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.