అరకు లోయకు పోదాం

తోటపల్లి గూడూరు మండలంలో నేలంతా పల్లమే. వరి మళ్లు, రొయ్యల గుంటలు, కొబ్బరి చెట్లు, ఆ పక్కన సముద్రం. కొండ చూడాలంటే దూరం పోవాలి. మన రాష్ట్రంలోనే కొండల నడుమ ఒక లోయ ఉంది. దాని పేరు అరకు. అది ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

అరకు సముద్రానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంటే ఎంత? కొబ్బరి చెట్టు ఒకటి 15 మీటర్లు అనుకోండి. అట్లాంటి చెట్లు 60, ఒకదాని మీద ఒకటి నిలబెడితే అంత ఎత్తు. అందుకే అక్కడ చలి. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున పూట మంచు కమ్ముకుంటుంది. దుప్పటి లేకుండా పోతే వణుకుతూ కూర్చోవాల్సిందే.

"అంత దూరం ఆడవాళ్లం ఎట్లా పోతాం?" అంటారా? నలుగురు కలిస్తే పోవచ్చు. నెల్లూరు నుంచి విశాఖపట్నానికి రైలులో సుమారు 600 కిలోమీటర్లు. విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ పోయే రైలు ఎక్కాలి. వేళ ముందే స్టేషనులో కనుక్కోండి. దారిలో ప్రతి స్టేషనులో ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. బొర్రా గుహలు, అరకు. చదువుకుని దిగడమే.

ఈ రైలుదారి జనం కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించడానికి 1960ల్లో వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు ఉన్నాయి. పట్టపగలే చీకటి పడుతుంది, మళ్లీ తెల్లారుతుంది. పిల్లలు కేకలు పెడతారు. పెద్దవాళ్లూ పెడతారు!

బొర్రా గుహలు సున్నపురాతి గుహలు. వాన నీరు కొండలోకి ఇంకుతుంది. ఆ నీటిలో సున్నం కరుగుతుంది. బొట్టు బొట్టుగా కారి, వేల ఏళ్లకు రాతి స్తంభాలు అవుతాయి. ఒకటి లింగంలాగా ఉంటుంది. దానికి పూజ చేస్తారు.

ఆ గుహలు చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు. చుట్టుపక్కల ఊళ్ల సంగతి కూడా తెలుసుకోవాలి. అక్కడి నేల కింద ఖనిజాలు ఉన్నాయి. వాటి కోసం బయటి కంపెనీలకు గనుల లీజులు ఇచ్చారు. గిరిజనులు తమ భూమి పోతుందని భయపడ్డారు. 1970లో వచ్చిన చట్టం ఒకటి ఉంది. దాన్ని 1/70 చట్టం అంటారు. దాని ప్రకారం ఆ ప్రాంతంలో భూమిని గిరిజనులు కానివాళ్లు కొనకూడదు. సమత అనే సంస్థ వాళ్ల తరఫున కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో గెలవలేదు. సుప్రీంకోర్టుకు పోయింది. 1997లో తీర్పు వచ్చింది. గిరిజన ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా సరే, ప్రైవేటు కంపెనీకి గనుల కోసం లీజుకు ఇవ్వకూడదు అని. ఆ కొండలు అట్లా నిలిచాయి. మనం చూడబోయేది ఆ కొండలనే.

అరకులో కొండదొర, కొటియా, వాల్మీకి, పోర్జా లాంటి తెగల వాళ్లు ఉన్నారు. వారపు సంతలో చూడండి. కొండ చీపుర్లు, చింతపండు, అల్లం, పసుపు, పిప్పళ్లు తెచ్చి అమ్ముతారు. చాలామంది ఆడవాళ్లే. మైళ్ల దూరం నెత్తిన మోసుకొస్తారు. బేరం ఆడేటప్పుడు అది కొంచెం గుర్తుంచుకుంటే మంచిది.

మన రాగులను వాళ్లు చోళ్లు అంటారు. మనకు సంగటి, వాళ్లకు అంబలి. సామల అన్నం కూడా తింటారు. వచ్చినవాళ్లు బొంగులో చికెన్ అడుగుతారు. కోడి ముక్కలకు ఉప్పూ కారం మసాలా పట్టించి, పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి మూసి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క పడదు.

థింసా ఆట చూడాలి. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు కలిపి, వరసగా అడుగు వేస్తారు. డప్పు, తుడుము మోగుతాయి. పండగకూ పెళ్లికీ వాళ్లు ఆడుకునే ఆట అది. ఫొటో తీయాలంటే ముందు అడగండి.

ఇక కాఫీ. పెద్ద చెట్ల నీడలో కాఫీ మొక్కలు పెరుగుతాయి. ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారు. నవంబరు నుంచి పళ్లు పండుతాయి. మిరప తోటలో పండిన కాయలే ఏరినట్టు, ఎర్రబడిన పళ్లనే చేత్తో కోయాలి. అందుకే ఒకే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ పోవాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. దళారులు తక్కువ ధర ఇస్తారని గిరిజన సహకార సంస్థ కూడా కాఫీ కొంటుంది. ఆ సంస్థ 1956లో మొదలైంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరేచోట పండిన కాఫీకి ఆ పేరు పెట్టి అమ్మకూడదు. పొట్లం కొనేటప్పుడు తిప్పి చదవండి. ఎక్కడ పండింది, బరువు ఎంత, తేదీ ఏమిటి, చికోరీ ఎంత కలిపారు, అన్నీ అందులో ఉంటాయి.