ఒంటరి ఇంట్లో విశ్వాసి

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయింది. రేయింబవళ్ళు రైళ్ళ చప్పుడుతో ఉండే మా గుత్తి జంక్షన్ ప్రయాణికుల రైళ్ళు లేక మూగబోయింది. మస్జిదు తలుపులు నమాజీలకు మూతపడ్డాయి. ఆ ఏడాది రమజాన్ తరావీహ్‌లు, మే 25న ఈద్ నమాజు కూడా ఇళ్ళలోనే గడిచాయి.

ఆ రోజుల్లో మా మహల్లాలో ఒంటరిగా ఉండే ఒక వృద్ధురాలికి సరుకుల సంచి ఇవ్వడానికి వెళ్ళాను. ఆమె కొడుకులు గల్ఫులో ఉన్నారు. సంచి గుమ్మంలో పెట్టి తిరిగివస్తుంటే ఆమె పిలిచింది: "బియ్యం ఉన్నాయి బేటా, మాట్లాడేవారే లేరు. ఆ అరుగు మీదే దూరంగా కాసేపు కూర్చో." ఇంకా నాలుగు ఇళ్ళకు వెళ్ళాలని చెప్పి వచ్చేశాను. ఆ మాట నన్ను ఈనాటికీ నిలదీస్తూనే ఉంది.

సోదర సోదరీమణులారా! ఒంటరితనం విశ్వాస లోపం కాదు. తబూక్ ప్రయాణానికి వెళ్ళకుండా ఆగిపోయిన హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) సాకులు చెప్పక నిజం ఒప్పుకున్నారు. ఆయనతో, మరో ఇద్దరితో ఎవరూ మాట్లాడరాదని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. యాభై రోజులు అలా గడిచాయి. విశాలమైన భూమి కూడా వారికి ఇరుకైపోయిందని దివ్యఖుర్ఆన్ (9:118) తెలుపుతోంది. ఒంటరివాని గుండె బరువును అల్లాహ్ ఎరుగును!

అయినా కఅబ్ (రజి) నమాజు వదలలేదు. తమ వద్దకు రమ్మని గస్సాన్ రాజు పంపిన లేఖను పొయ్యిలో వేశారు. చివరికి తన ఇంటి కప్పు మీద ఫజ్ర్ నమాజు చేసి కూర్చున్నప్పుడు క్షమాభిక్ష శుభవార్త వినిపించింది. మస్జిదులోకి రాగానే హజ్రత్ తల్హా (రజి) లేచి పరుగున వచ్చి చేయి కలిపారు. కఅబ్ (రజి) దాన్ని జీవితాంతం మరువలేదు.

ఆయనది శిక్షణ. అంటువ్యాధి వల్ల ఇంట్లో ఉండిపోవడం శిక్ష కాదు. వ్యాధి సోకిన ఊరిలో సహనంతో, ప్రతిఫలాపేక్షతో ఆగి ఉన్నవానికి షహీదు పుణ్యం లభిస్తుందని హదీసు సారాంశం (బుఖారీ). జోరువాన కురిసిన ఒక జుమా నాడు ఇళ్ళలోనే నమాజు చేసుకోమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ముఅజ్జిన్ చేత ప్రకటన చేయించారు.

ఇక ఆచరణ: ఒంటరిగా ఉన్నవారు దినచర్యను అయిదు పూటల నమాజు చుట్టూ అల్లుకోవాలి. ఖుర్ఆన్‌ను కొద్దికొద్దిగా అర్థంతో చదవాలి. రోజుకు ఒక్కరికైనా తామే ఫోను చేసి సలాం చెప్పాలి. నిద్ర పట్టకపోయినా, బ్రతుకు మీద విరక్తి కలిగినా దాచుకోరాదు. వైద్యం చేయించుకోవడం ప్రవక్త (సఅసం) బోధే. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

లాక్‌డౌన్ పోయింది, ఒంటరితనం పోలేదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు దానితో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో తెలిపింది. మన వీధిలో ఆ ఆరవ వ్యక్తి ఎవరు? సంచి ఇచ్చి వెనుదిరగకండి, కాసేపు కూర్చోండి. తల్హా (రజి) ఇచ్చింది ధనం కాదు, నాలుగడుగుల పరుగు, ఒక కరచాలనం మాత్రమే.

ఒంటరి హృదయాలకు అల్లాహ్ తన స్మరణతో తృప్తినీ, మనకు పొరుగువారి హక్కు నెరవేర్చే భాగ్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.