రెండవ ప్రతియు, దాని తాళమును

మన సంఘములలో పెక్కింట నూలు నిల్వ, మజూరీ పట్టీలు, పొదుపు నిధి, వాటా ధనము మున్నగు లెక్కలన్నియు నేడు కంప్యూటరులోనే యున్నవి. సభ్యుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, జకార్డు డిజైనులును అందే చేరినవి. సేలములోనైనను షోలాపూరులోనైనను సంగతి యిదియే. వెనుక బీరువాలోని పుస్తకములకు చెదలు పట్టినను కొన్ని పుటలైనను దక్కెడివి. కంప్యూటరు డిస్కు చెడినచో ఒక్క సభ్యుని పొదుపు ఎంతయో చెప్పలేని స్థితి రావచ్చును.

కావున వేరొక డ్రైవులో రెండవ ప్రతి యుండవలెనని అందరును ఒప్పుకొందురు. అయితే ఆ డ్రైవు చొక్కా జేబులో పట్టునంతటిది. బస్సులో జారినచో, దొరికినవానికి సభ్యులందరి ఖాతాల వివరములు దొరికినట్లే. అందుచే ప్రతి తీయుటతో సరిపోదు. దానిని గూఢలిపిలో నుంచవలెను.

మగ్గమెరిగిన వారికి ఇది తెలియనిది కాదు. జకార్డు అట్టలను వరుస తప్పించి కట్టితిమనుకొనుడు. అట్టలు దొంగ చేతబడినను అంచులో హంస రాదు. ఏ అట్ట తరువాత ఏ అట్టయో ఎరిగినవాడే నేయగలడు. డ్రైవుకు పెట్టు పాస్‌వర్డు ఆ వరుసవంటిది. భేదమొకటి గలదు. అట్టల వరుసను ఓపికతో పసికట్టవచ్చునేమో గాని, మంచి పాస్‌వర్డుతో చేసిన గూఢలిపిని విప్పుట ఎవరి తరమును కాదు. దానిని మరచిన కార్యదర్శి తరమును కాదు.

విండోస్ ప్రో రకమున్న కంప్యూటరులో బిట్‌లాకర్ అను సాధనము ముందే యుండును. డ్రైవును తగిలించి, దాని గుర్తుపై మౌసు కుడి మీట నొక్కి, ‘టర్న్ ఆన్ బిట్‌లాకర్’ అనుదానిని ఎంచుకొనవలెను. పాస్‌వర్డు అడుగును, పిదప 48 అంకెల రికవరీ కీ నిచ్చును. దానిని ఆ కంప్యూటరులోనే దాచుట వ్యర్థము, కాగితముపై అచ్చు తీయవలెను. హోం రకములో ఇట్లు తాళము వేయ వీలులేదు గాని, వేరొకచోట వేసిన డ్రైవును తెరచి వాడుకొనవచ్చును. లేదా వెరాక్రిప్ట్ అను ఉచిత సాధనముతో డ్రైవులో తాళపు పెట్టెవంటి ఫైలును చేసికొని, అందు దాచవచ్చును.

టాలీలో లెక్క వ్రాయువారు అందలి బ్యాకప్ ఆజ్ఞతోనే ప్రతి తీయవలెను. పాత ప్రతిపై కొత్తది వ్రాయక, తేదీ పేరిట వేరుగా నుంచవలెను. లేనిచో చెడిన లెక్క మంచి లెక్కను తుడిచివేయును. పని కాగానే డ్రైవును ఊడదీయవలెను. 2017 మే నెలలో వన్నాక్రై అను వైరసు సుమారు 150 దేశములలో కంప్యూటరు ఫైళ్లకు తానే తాళము వేసి సొమ్మడిగినది. ఇట్టివి తగిలించియున్న డ్రైవును కూడ వదలవు. అప్పుడు మన గూఢలిపి అక్కరకు రాదు. అది తెరచియున్న పెట్టెయే గదా.

పాస్‌వర్డు కార్యదర్శి యొక్కని తలలోనే యుండుట మాకు సమ్మతము కాదు. అతడు మారవచ్చును, మంచము పట్టవచ్చును. సంఘము పేరునో, రిజిస్టరు సంఖ్యనో పాస్‌వర్డుగా పెట్టువారు గలరు. అది గుమ్మమునకే తాళపుచెవి వ్రేలాడగట్టుట. పొంతనలేని అయిదారు మాటలను కూర్చి పెట్టవలెను. దానిని, రికవరీ కీని రెండు కాగితములపై వ్రాసి, లక్కముద్ర వేసిన కవరులలో ఒకటి అధ్యక్షుని యింటను, ఒకటి బ్యాంకు లాకరులోను ఉంచవలెను. తీర్మాన పుస్తకములో కవరులున్న చోటు మాత్రమే వ్రాయవలెను. డ్రైవు వానికి దూరముగా, సంఘ భవనము కాక వేరొకచోట నుండవలెను. కార్యదర్శి మారిననాడు పాస్‌వర్డును, కీని, కవరులను మార్చవలెను.

మూడు మాసములకొకసారి ఆ డ్రైవును మరియొక కంప్యూటరులో తెరచి, ఒక మజూరీ పట్టీని, ఒక డిజైనును విప్పి చూడవలెను. కవరులోని పాస్‌వర్డుతోనే తెరువవలెను, తలలోనిదానితో కాదు. ఆడిటుకు ముందు నెలలో ఒకసారి తప్పక చూడవలెను.